చుక్కల గీతతో గీసిన గుంతలు

తొంభైల మొదట్లో నేను ఒమాన్‌లో బహ్లా దగ్గర ఒక పాత మట్టికోట మరమ్మతు పనిలో మేస్త్రీగా ఉన్నాను. మాది కరీంనగర్ జిల్లా. ఊళ్లో సిమెంటు పనే తెలుసు. మట్టిలో గడ్డి కలిపి ఇటుకలు పోయడం అక్కడికెళ్లాకే నేర్చుకున్నాను. మా ఫోర్‌మన్ కడప ముస్లిం. ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాషలో బదులు చెప్పేవాడు.

ఒక పొద్దున గోడ పక్కన పరంజా నిలబెట్టడానికి నేల చదును చేయమన్నాడు. పారతో చెక్కుతుంటే పసుపుపచ్చటి మట్టిలో పళ్లెమంత నల్లటి మరకలు కనిపించాయి. నాలుగు. నూనె ఒలికిందేమో అనుకుని రెండింటిని చెక్కేశాను. మూడోదాని మీద పార వేయబోతుంటే వెనక నుంచి ఎవరో కేకేశారు.

కోట చూడటానికి ఆ వారమే వచ్చిన జపాను పెద్దాయన. వాళ్ల దేశంలో పాత ఊళ్లు తవ్వడం ఆయన పని. పరుగున వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ మరకను వేలితో తాకాడు. ఆయన ఇంగ్లీషును ఫోర్‌మన్ నాకు తెలుగులో చెప్పాడు.

"కట్టె కంబం నాటిన గుంతంట మేస్త్రీ. ఎప్పటిదో."

"గుంతేది భాయ్? నేల చదునుగనే ఉన్నది గద!"

"కట్టె పుచ్చిపోయింది, గుంత పూడిపోయింది, రంగు మిగిలిందంట."

ఈ రెండే కాక ఇంకేమైనా ఉన్నాయా అని పెద్దాయన అడిగాడు. "లెవ్వు" అన్నాను. చెక్కేసినవి చెబితే వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తారేమోనన్న భయం.

మధ్యాహ్నం చాయ్ దగ్గర ఆయన ఫోటోలు చూపించాడు. మొదటిదాంట్లో తలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు వరుసగా వంగి ఉన్నారు. నాట్లు వేస్తున్నారనుకున్నాను. కాదట, చిన్న తాపీలతో మట్టి గీకుతున్నారట. ఫ్యాక్టరీలు కట్టడానికి పొలాలు చదును చేస్తుంటే కింద వేల ఏళ్లనాటి ఊరు బయటపడిందట. రెండో ఫోటోలో నేలనిండా నల్లటి మరకలే. మూడోదాంట్లో అదే చోట గడ్డి కప్పిన గుండ్రటి ఇళ్లు, పొడవాటి దుంగల మీద ఒక మంచె.

"ఇండ్లు గూడ దొరికినయా?"

"లేదప్పా. ఇవి మొన్న కట్టినవి."

"మరి పాతవి?"

"చూసి, రాసుకొని, మళ్లీ మన్ను కప్పేసినారు. ఆ మన్ను పైన ఇవి కట్టినారు."

నాకు తల తిరిగిపోయింది. ఎలాగూ మళ్లీ పూడ్చేదానికి తవ్వడమెందుకు? కప్పు ఎంత ఎత్తున ఉండేదో మరక ఎలా చెబుతుంది? ఫోర్‌మన్ చేత అడిగించాను. గుంతల లోతు, వాటి మధ్య దూరం చూసి కొంత తెలుస్తుందట, మిగతాది ఊహ.

"ఊహ తప్పయితే?"

"తర్వాత వచ్చేటోళ్లు మళ్లా తవ్వి చూసుకుంటారంట. అందుకే పూడ్చి పెట్టేదంట."

నేను చెక్కేసిన రెండూ ఇక ఎవరు తవ్వినా దొరకవన్న మాటే ఆ రాత్రి రూమ్‌లో మనసులో తిరిగింది. మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్‌కు ఉన్నది చెప్పేశాను.

"నిన్ననే చెప్పుంటే ఏం పోయేదప్పా!" అని తల పట్టుకున్నాడు. అయినా నన్ను పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆయన కోప్పడలేదు. రెండు గులకరాళ్లు నా చేతిలో పెట్టి, ఎక్కడున్నాయో చూపించమన్నాడు. ఒకటి పెట్టాను. జానెడు పక్కకు జరిపాను. మళ్లీ వెనక్కి తెచ్చాను. నేను చెక్కిన నేలంతా ఒకే రంగులో ఉంది. రెండోది గోడకు దగ్గరగా ఉండేదా, దూరంగానా? చూసేకొద్దీ నిన్న కళ్లారా చూసిందే అనుమానంగా మారింది. చివరికి ఎక్కడో ఒకచోట పెట్టేసి చేతులు దులుపుకున్నాను. ఆయన టేపుతో కొలిచి కాగితం మీద నాలుగు సున్నాలు గీశాడు. రెండు నిండు గీతతో, రెండు చుక్కలతో.

"చుక్కలెందుకు భాయ్?"

"ఆయన చూడనివి. నువ్వు చెప్పినవి."

"నాకే మంచిగ యాదికి లేదని చెప్పు."

చెప్పాడు. పెద్దాయన తలూపి, పక్కనే వాళ్ల లిపిలో రెండు వరుసలు రాసుకున్నాడు.

నాలుగు రోజులకు ఆయన వెళ్లిపోయాడు. ఆయన చెప్పినట్టే మిగిలిన రెండు మరకల మీద ఇసుక పోసి, మట్టి కప్పి, పరంజా కాస్త దూరంగా కట్టాం. ఆ గోడ పని రెండు నెలలు సాగింది. డ్యూటీకి వెళ్లిన ప్రతిరోజూ ఆ చోట ఆగేవాణ్ణి. ఒకనాడు రెండో గుంత గోడకు ఇంకా దగ్గరే అనిపించేది. మరునాడు కాదనిపించేది. ఒకసారి ఫోర్‌మన్‌తో ఆ మాటే అన్నాను.

"కాగితం జపాను చేరింది మేస్త్రీ. నువ్వెంత జరిపినా ఆ గుంత ఇంక జరగదు. పో, మట్టి ఆరిపోతా ఉంది" అన్నాడు.

వెళ్లి ఇటుకలు పోశాను.