మూడుసార్లు తట్టే మనిషి

బడి చరిత్ర రెండు పేజీల్లో రాసి పెట్టమన్నారు మా ప్రిన్సిపల్. లెక్కల టీచర్‌ని, నాకెందుకీ తలనొప్పి అన్నాను. మొదటి ఏడాది నుంచీ ఉన్నది మీరే కదా అన్నారు.

ఇక్కడ అమెరికాలో, శాన్ రామన్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో, మూతపడ్డ ఒక ఫర్నిచర్ షాపులో మొదలైంది ఈ హైస్కూలు. పెట్టింది ఒక చైనా పెద్దాయన. కుంచెతో అక్షరాలు రాయడం, సింహం తల తగిలించుకుని ఆడటం, పెద్ద డప్పు, పొద్దున్నే పిల్లలే గది ఊడ్చుకోవడం ఆయన నేర్పినవి. మిగతాదంతా మామూలు అమెరికన్ చదువే. సొంత బడే అయినా ఆయన ఏ క్లాసులోకీ తిన్నగా వచ్చేవారు కాదు. మెల్లగా మూడుసార్లు తట్టి, రమ్మనేదాకా బయటే నిలబడేవారు. పాఠం చెప్పేవాళ్ల గది పాఠం చెప్పేవాళ్లదేనట. మొదట్లో నాకు చిరాకేసేది.

అందరూ మాస్కులతో తిరుగుతున్న ఏడాది, పట్టపగలు, బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని ఒకడు లోపలికి దూరాడు. జబ్బు తెచ్చింది మీరే, మీ దేశం పొండి అని అరుస్తూ హాల్లో సింహం తల పగలగొట్టాడు. డప్పు చీల్చాడు. అద్దాలు భళ్లున రాలాయి. నా గదిలో పదకొండు మంది పిల్లలు. తాళం వేసి, లైటు ఆర్పి, వాళ్లను బల్లల కింద కూర్చోబెట్టాను. బడిలోకి ఎవడైనా దూరితే ఏం చేయాలో డ్రిల్ చేయించిన ప్రతిసారీ మాకు చెప్పేది ఒక్కటే, తాళం పడ్డాక ఎవరికీ తలుపు తీయకూడదు.

అప్పుడు తలుపు మీద చప్పుడు. మెల్లగా, మూడుసార్లు, ఎప్పటిలాగే.

మన తెలుగువాళ్ల అమ్మాయి ఒకతి, క్లాసులో కూడా నన్ను ఆంటీ అనే పిలిచేది, నా చెయ్యి పట్టుకుని లాగింది.

“ఆంటీ, ఓపెన్ చెయ్. సార్ అవుట్‌సైడ్ ఉన్నాడు.”

దాని నోరు మూశాను. తలుపు అవతల బ్యాట్ పడింది. ఎముక విరిగితే ఎండుపుల్ల విరిగినట్టే ఉంటుంది చప్పుడు. మళ్లీ పడింది. మళ్లీ. ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. వాడి చేతులు పడిపోను. నా చేతిలోనూ ఒక బ్యాటుంటే వాడి తల బద్దలుకొట్టేదాన్నని చాలాకాలం అందరితో అన్నాను. అబద్ధం. తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది, నేను కదల్లేదు.

ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుజ్జయింది. మళ్లీ కుంచె పట్టలేదు. తట్టింది వినబడలేదని పోలీసులకూ చెప్పాను, ఆసుపత్రిలో ఆయనకూ చెప్పాను. ఆ పిల్ల పక్కనే ఉంది. నా మొహం చూసి ఊరుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

చరిత్రలో ‘ఆ దాడిలో ఒక ఉపాధ్యాయుడు గాయపడ్డారు’ అని రాసి ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. చదివి కాగితం బల్ల మీద పెట్టారు.

“మీకు వినబడింది కదా?” అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. వినబడిందన్నాను.

“అయితే అది రాయండి. పదకొండు మంది పిల్లలూ క్షేమంగా బయటపడ్డారనీ రాయండి. రెండూ ఒకే వాక్యంలో.”

ఆ ఒక్క వాక్యానికి మూడు రోజులు పట్టింది. అచ్చయిన మర్నాడు నా క్లాసు తలుపు తట్టారు, ఎడమచేత్తో. మూడోసారి తట్టకముందే లేచి వెళ్లి తీశాను.