మూడో పాటలో ఏడ్చింది నేనే

"ఉప్పు సాల్లేదే" అన్నాడాయన.

"ఉప్పుకేటి రోగం? సచ్చింది నీ నాలుక" అన్నాను నేను.

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. పప్పుచారు అన్నం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, పిండిమర పక్కనున్న మంచం మీద వాలాడు. నేను ఎవరివో గోధుమలు పోసి ఆడిస్తున్నాను. మర ఆపి వచ్చి చూసేసరికి మనిషి లేడు. కొందరు పోతూ పోతూ పెళ్ళాం చెయ్యి పట్టుకుని మంచి మాట చెప్తారంట. మాకు ఉప్పు దొరికింది.

ఇది ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే నా కొడుకు వల్ల. విశాఖపట్నంలో పగలు కంప్యూటరు ఉద్యోగం, సెలవు రోజుల్లో గిటారు. వాడూ, ఇంకో ముగ్గురూ కలిసి ఒక ఆల్బమ్ చేశారు. అందులో మూడో పాటలో ఒక ముసలిది ఏడుస్తుంది. ఆ ముసలిది నేనే. వాళ్ళ నాన్న పోయిన రోజు నేను ఏడ్చిన ఏడుపుని వీడు ఫోన్లో పట్టి, ఏడాది దాచి, పాటలో పెట్టి, నెట్లో వదిలేశాడు. నాకు చెప్పలేదు. విన్నవాళ్ళు కింద అభిప్రాయాలు రాసి, సంగతి దేశాలు దాటాక అప్పుడు ఫోన్ చేశాడు.

"అమ్మా, దీన్ని ఇప్పుడు రికార్డు కింద వేస్తున్నాం. ఎల్పీ, నల్లగా ఉంటుంది చూడు, ఆ పళ్ళెం. శుక్రవారం పంపాలి. నీకు ఇష్టం లేకపోతే ఆ పాట తీసేస్తాను. ఉంచమంటే మాత్రం, లోపల కాగితం మీద అచ్చెయ్యడానికి నాలుగు ముక్కలు చెప్పు."

ఉంచాలా, తియ్యాలా. శుక్రవారం లోపల నేను తేల్చాల్సింది ఇదీ. ఫోన్లో చెప్తే వాడు రెండో ముక్క దగ్గరే "సరేలే అమ్మా" అని పెట్టేస్తాడు. అందుకే మా తమ్ముడి కూతుర్ని కూర్చోబెట్టి చెప్తున్నాను. బడిలో పాఠాలు చెప్పే గుంట, చేతిరాత బాగుంటుంది. నాకు సంతకం దాకానే వచ్చు. నా నోట్లోంచి వచ్చినట్టు రాయవే అంటే సగం మాటలు దిద్దేస్తోంది. దిద్దితే దిద్దింది, మింగెయ్యకుండా ఉంటే చాలు.

ముందు ఆల్బమ్ సంగతి. ఎనిమిది పాటలు. ఎనిమిదింట్లో ఒక్కదాంట్లోనూ తెల్లారదు. మొదటి పాటలో సిమెంటు గచ్చు మీద ఎవరో ఇనప మంచం ఈడుస్తారు, చాలాసేపు ఈడుస్తారు, ఎక్కడికీ తీసుకెళ్ళరు. అది గిటారంట. రెండో పాటలో వాడు పాడతాడు గానీ, చలిజ్వరం వచ్చినవాడు దుప్పట్లోంచి మంచినీళ్ళడిగినట్టు ఉంటుంది. డప్పులు మాత్రం పరవాలేదు, ఆ కొట్టేవాడెవడో అన్నం తిన్నవాడే. కింద ఎక్కడో ఎడతెగకుండా ఒక హోరు. అది నేను చిటికెలో పట్టేశాను. అది మా పిండిమర. ముప్పై ఏళ్ళు దాని పక్కన బతికినదాన్ని, ఎంత ముసుగేసినా గుర్తుపట్టనా?

ఇక అభిప్రాయాలు. మా గుంట ఫోన్ పట్టుకుని రెండు సాయంత్రాలు ఒక్కొక్కటీ చదివి, తెలుగులో చెప్పింది.

ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒకాయన, మూడో పాట లైటు ఆర్పుకుని, వానలో, ఒంటరిగా వినాలని రాశాడు. బాబూ, నేను మిట్టమధ్యాహ్నం, పెళపెళలాడే ఎండలో, వీధి వీధంతా చూస్తుండగా ఏడ్చాను. శామియానా కూడా అప్పటికి రాలేదు.

ఇంకొకడు, ఈ గొంతు నూతి అడుగునుంచి వస్తోంది, ఇంత గరుకుతనం తెచ్చుకోవాలంటే ఎంత సాధన కావాలో అన్నాడు. సాధనకేటి, రోజూ నాలుగు బస్తాల మిరపకాయలు ఆడించు, ఆ కారం ఘాటులో నిలబడి మర చప్పుడుకి మించి అరుస్తూ జనాల్ని పిలువు. ఆ గొంతు నీకూ వస్తుంది.

ఒకామె, ఇది కొండజాతి మంత్రం అయ్యుంటుంది, చనిపోయినవాళ్ళని వెనక్కి పిలిచేది అంది. కొండ మీదవాళ్ళు సోళ్ళు, అదే రాగులు, తెచ్చి మా మరలోనే ఆడించుకుంటారు. వాళ్ళకి వాళ్ళ పాటలున్నాయి తల్లీ. నా గోల తీసుకెళ్ళి వాళ్ళకి అంటగట్టకు. పైగా వెనక్కి పిలవడమా? వచ్చాడంటే మళ్ళీ ఉప్పు దగ్గరే మొదలెడతాడు.

పదికి ఏడు మార్కులిచ్చినవాడు ఒకడున్నాడు. ముసలావిడ గొంతు కొంచెం ఎక్కువైంది, తగ్గిస్తే పదికి ఎనిమిది ఇద్దునన్నాడు. ఆ మాట మా ఆయన బతికున్నప్పుడు రోజూ అనేవాడు, మార్కుల్లేకుండా. వీటన్నిటికీ పైన ఇంకొకడు, ఇది మనిషి గొంతు కాదు, కంప్యూటరు చేసింది, నేను ఇట్టే పట్టేస్తాను అని రాస్తే నలభై మంది అవునవునన్నారు. నా మొగుడు పోతే మిషను ఏడ్చిందంట.

వాళ్ళలో ఒక్కరికీ నేను ఏమన్నానో తెలీదు. మా వాడు ఒక్క ముక్క కోసి, దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ఉంటాడు పాటంతా. "లోకమంత చీకటి" అని ఒకడు రాసిన ఆ ముక్క ఇదీ:

"నాలుక సచ్చిందంటిని మావో, సచ్చింది నీ నాలుక కాదు మావో, ఉప్పు నేనే తీసేసినాను మావో, నా మీద కోపమా మావో?"

దీని సంగతీ చెప్పాలి. అయన్నీ దాచుకుని ఉంచాలా తియ్యాలా అంటే వినేవాళ్ళకేం అర్థమవుతుంది?

పోయేముందు రెండేళ్ళ కింద ఆయనకి బీపీ అని చెప్పి డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఆయనకి చెప్పి తగ్గిస్తే కంచం తోసేశాడు. అందుకని చెప్పకుండా తగ్గించాను. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం. సాల్లేదు అన్నప్పుడల్లా, ముప్పై ఏళ్ళు కారం దుమ్ము తిన్న నాలుక, దానికి రుచేటి తెలుస్తాది అనేదాన్ని. నమ్మాడు. మరకి వచ్చినవాళ్ళందరికీ "నా నాలుక సచ్చిందిరా" అని చెప్పుకునేవాడు. సాయంత్రమయ్యేసరికి బజారుకెళ్ళి వేడి పకోడీ పొట్లం కట్టించుకొచ్చే మనిషి, నాకేటి తెలుస్తాదని అదీ మానేశాడు. నేను గెలిచాననుకున్నాను. ఆయన అలా నమ్మే పోయాడు.

మా వైపు ఆడవాళ్ళు శవం దగ్గర ఊరికే కన్నీళ్ళు కార్చరు. రాగం తీసి, పోయినవాడితో మాట్లాడతారు. తిట్టేది ఉంటే తిడతారు, దాచింది ఉంటే చెప్పేస్తారు. అయితే ఒక్కరే ఏడవరు. పోయినవాడి అక్కో చెల్లో వచ్చి, మెడ పట్టుకుని, వాడి బదులు జవాబు చెప్తుంది రాగంలోనే. అడిగినదాన్ని అలా వదిలేసి ఎవరూ పైకి లేవరు. ఆ రోజు నాతవరం నుంచి మా వదిన, ఆయన అక్క, ఆటో దిగుతూనే జుట్టు విరబోసుకుని వచ్చి నా మెడ మీద పడింది. నేను ఉప్పు సంగతి చెప్పేశాను. ఆవిడ జవాబు చెప్పింది. చెప్పాకే నేను లేచి మంచినీళ్ళు తాగాను.

పాట ఉంచాలో లేదో ఆవిడని అడగకుండా నేను తేల్చడమేటని, మొన్న షేర్ ఆటో ఎక్కి నాతవరం వెళ్ళాను, ఈ గుంటనీ ఫోన్నీ వెంటేసుకుని. వదిన వరండాలో జీడిపిక్కలు ఎండబెట్టుకుంటోంది. ఫోన్ చెవి దగ్గర పెట్టాం. ఇనప మంచం ఈడిచారు, డప్పులు కొట్టారు, నేను ఏడ్చాను. ఏడుస్తూనే ఉన్నాను. వదిన కళ్ళు మూసుకుని ఓపిగ్గా వింది. పాట అయిపోయింది. ఫోన్ చేతికిచ్చేసింది.

"నా గొంతేదే?" అంది.

"పెట్టలేదొదినా."

"ఏటి, నేను రాలేదా ఆ రోజు?"

"వచ్చావు."

"మరి వినేవాళ్ళేటనుకుంటారే? తమ్ముడు పోతే అక్క రాలేదు అనుకోరా? లేకపోతే వచ్చి, నువ్వు అంతలేసి అడుగుతుంటే జీడిపిక్కలు ఏరుకుంటూ కూకుందనుకోరా?"

"వాళ్ళకి తెలుగు రాదొదినా."

"మాకవరపాలెంలో రాదా? నర్సీపట్నంలో రాదా? నీ కొడుకు రేపు ఇక్కడికి రాడా?"

ఆ తర్వాత టీ గ్లాసు నా ముందు పెట్టి, జీడిపిక్కల వైపు తిరిగి కూర్చుంది. ఇన్ని అభిప్రాయాల్లోకీ ఇదొక్కటే నాకు గుచ్చుకుంది.

అక్కడి నుంచే కొడుక్కి ఫోన్ చేయించాను.

"అత్త గొంతు ఎందుకు కోసేశావురా?"

"అత్త శ్రుతిలో లేదమ్మా."

"శవం దగ్గరకి శ్రుతిపెట్టె ఎవరు తెస్తారురా?"

"అది కాదమ్మా. జవాబు వచ్చేస్తే మూడ్ పోతుంది. ఆ ప్రశ్న అలా గాల్లో ఉండాలి."

"గాల్లో ఉండడానికి అదేటి, దోమా? ఏడాది నుంచి నన్ను ఆ ముక్క దగ్గరే కూకోబెట్టావు. ఎవడు నొక్కితే వాడికి నేను మళ్ళీ మొదలెట్టాలి. ఒక్కసారైనా నన్ను లేవనివ్వవా?"

వాడు నెమ్మదిగా, "ఆ రోజు నాకు ఏడుపు రాలేదమ్మా. చేతులు ఏం చెయ్యాలో తెలీక ఫోన్ తీశాను. ఇంటికెళ్ళి ఆ ముక్క ఒక్కటే వినేవాణ్ణి. అత్త మాట దాకా వెళ్ళలేకపోయేవాణ్ణి. అక్కడికి వస్తే అయిపోయినట్టే కదా" అన్నాడు.

ఈసారి ఫోన్ ముందు పెట్టేసింది నేనే. నాకు ఇది అరుదుగా జరుగుతుంది, కొడుకు రాసి పెట్టుకోవచ్చు.

హాస్టల్లో పెరిగినవాడు. మా ఇళ్ళల్లో ఎన్ని ఏడుపులు జరిగినా పరీక్షలని రానిచ్చేవాళ్ళం కాదు. అడిగింది ఒకరు, జవాబు చెప్పేది ఇంకొకరు, రెండూ కలిస్తేనే ఏడుపని వాడికెవరు చెప్పారు? నేనూ చెప్పలేదు. కాబట్టి సగం తప్పు నాది. సగమే.

సరే, ఇప్పుడు తేల్చేది రాయి.

ఒరే నాన్నా, పాట తియ్యొద్దు. నా గొంతు తగ్గించొద్దు, ఆ ఏడు మార్కులవాడికి నేను భయపడను. ఉప్పు సంగతి ఊరంతా విన్నా పరవాలేదు, నేను శవం దగ్గర ఊరందరి ముందే చెప్పాను. కానీ మీ అత్త మాట పెట్టు. మొత్తం పెట్టు, శ్రుతిలో లేకపోయినా, మధ్యలో దగ్గినా, ముక్కు చీదినా. మూడ్ పోతే పోనీ, మీకు ఇంకా ఏడు పాటలున్నాయి చీకట్లో కూర్చోడానికి. అది పెట్టలేనంటే మాత్రం మూడో పాట ఎత్తెయ్యి, ఆ చోట మర చప్పుడు ఒక్కటే వేసుకో. సగం ఏడుపు మాత్రం నాకొద్దు. నువ్వు కూడా ఒకసారి చివరిదాకా విను. అయిపోతే అయిపోనీరా. మీ నాన్న ఎక్కువేమీ అనుకోడు.

రికార్డు కొనుక్కున్నవాళ్ళకి తెలియాలి కాబట్టి, ఆవిడ ఆ రోజు నా మెడ పట్టుకుని చెప్పిన జవాబు ఇక్కడ రాయిస్తున్నాను. ఆవిడ రాగం నాకు రాదు, మాటలు మాత్రం ఇవే:

"ఉప్పు తిన్న మా నాయన నడిమి వయసులో పోయాడే తల్లీ, ఒకరోజు ముందు సెప్పి పోలేదే. నా తమ్ముణ్ణి నువ్వు రెండేళ్ళు దాచావే. నాలుక సచ్చిందని వాడనుకుంటే అనుకోనీ, మనిషిని ఉంచావే. నేను వాడి బదులు సెప్తన్నాను, నీ మీద వాడికి కోపం లేదే. లే, లేసి నీళ్ళు తాగు."

ఇంతే. విన్నవాళ్ళు ఏమనుకుంటారో రాసుకోండి, మార్కులు కూడా వేసుకోండి. మిషను ఏడ్చిందన్నవాళ్ళు మాత్రం ఒకసారి నర్సీపట్నం వచ్చి, నా ఎదురుగా అనండి.

ఏటే, అయిపోయిందా రాయడం? పెన్ను పక్కన పెట్టు. మొదట్నుంచి సదువు, నేను వింటాను. నా మాటలు బేగి సదివేసినా పరవాలేదు. మా వదిన మాటలు నెమ్మదిగా సదువు, ఒక్కటి వదిలేసినా నాకు తెలిసిపోద్ది.