అన్నయ్య విప్పని షేర్వానీ

నిజాం పాలన చివరి రోజులు. సూర్యాపేటలో నేనింకా చిన్నపిల్లను. హైదరాబాదులో కాలేజీలో చేరిన అన్నయ్య మొదటిసారి సెలవులకు వచ్చాడు. కాలేజీకి తొడుక్కునే షేర్వానీని ఇంట్లోనూ విప్పలేదు. పట్నం మోజని నాన్న మురిసిపోయాడు. తలంటు పోయాలని అమ్మే బలవంతంగా గుండీలు విప్పింది. మోచేతుల దాకా గాయాలు.

"గిట్ల ఎవరు చేసిన్రు బిడ్డా?"

"ఎవరు చెయ్యలేదమ్మా, నేనే. ఆడ అంత ఉర్దూలనే చెప్తరు. నాకేం సమజైతలేదు. నాయినకు చెప్పకు."

అమ్మ నూనె గిన్నె పక్కన పెట్టింది.

అది మనసు నొప్పి అని చెప్పుకోవడం మాకు తెలియదు. చేతులు చూసి అడిగినవాళ్లకు అమ్మ గజ్జి అని చెప్పింది. వాడవాళ్లంతా వచ్చి తలా ఒక మందు చెప్పారు. అన్నయ్య అన్నీ బుద్ధిగా విని, సెలవులు కాగానే మళ్లీ షేర్వానీ తొడుక్కుని బస్సెక్కాడు.