రేవులో ఆగిన కథకు మంగళం

నిన్న సాయంత్రం టీవీలో నా సీరియల్ అయిపోయింది. అయిపోయిందనడం కూడా తప్పు, ఆపేశారు. ఇన్నేళ్లుగా ఆ ఇంటి చిన్నకోడలు వంటింట్లో ఏడుస్తుంటే నేను ఈ కుర్చీలో కూర్చుని పళ్లు కొరుకుతూ ఉన్నాను. నిన్న ఉన్నట్టుండి అందరూ వరసగా నిలబడి నవ్వారు, కింద పేర్లు పరుగెత్తాయి, వెంటనే సబ్బు ప్రకటన. జైలుకు పోయిన ఆమె తమ్ముడు ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. వడ్డించిన విస్తరి సగంలో లాగేస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది.

"రేపట్నించి అదే టైముకి కొత్తది వస్తాది కదా తాతా, అది సూడు," అంది మనవరాలు.

"అది సరేనే. దీనికి మంగళం ఎవులు పాడతారు?" అన్నాను.

నవ్వింది. నవ్వనీ. కథకు మంగళం పాడాలని ఒకప్పుడు మా ఊరంతటికీ తెలుసు.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. తరవాతి చదువంతా పొట్లాల కాగితాల మీద, బస్సుల బోర్డుల మీద, గోడల మీది పోస్టర్ల మీద నేర్చుకున్నదే. అయినా అక్షరం వచ్చినవాడినని పంచాయతీ రేడియో నాకు అప్పజెప్పారు. అరవైల చివరి మాట. కొత్తవలసకు నడిచిపోయేంత దూరంలో మా ఊరు. కరెంటు ఇంకా రాలేదు. రేడియో బ్యాటరీ మీద నడిచేది. అది నీరసపడినప్పుడల్లా కావిడిలో పెట్టుకుని కొత్తవలస పోయి ఛార్జి చేయించుకు రావడం, సాయంత్రాలు పెట్టె తాళం తీసి మీట తిప్పడం నా పని.

పంచాయతీ గదికి ఎదురుగా గోగుకట్టలు నానేసే మడుగు. నార తీసే కాలం వస్తే ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నానిన కర్ర మీంచి నార ఒలిచి, ఉతికి, దండేల మీద ఆరేసేవారు. కొత్తవాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకునేవారు. మాకది చలికాలం వస్తోందని చెప్పే వాసన. రేడియోకి తగిలించిన లౌడుస్పీకరు గొట్టాన్ని నేను మడుగువైపు తిప్పి కట్టాను. ఎండ పసుపు పచ్చబడి, నీళ్ల మీద పలచని పొగలాంటిది కమ్ముకుని, తెల్లటి నార గాలికి ఊగుతుంటే, ఎక్కడి గొంతులో మా మధ్యకు నడిచొచ్చేవి. మాట్లాడేది పెట్టో, మడుగో, ఆ ఊగే నారో తెలిసేది కాదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే నాకు ఆ గొంతులు తడిగానే వినిపిస్తాయి.

వారానికోసారి ఒక ధారావాహిక నాటకం వచ్చేది. రంగూన్ పోయిన మొగుడి కోసం ఎదురుచూసే పిల్ల కథ. పొద్దు వాలితే చాలు, దీపం పట్టుకుని రేవుకు పోతుంది. మా వైపు రంగూన్‌కు మనిషిని పంపని ఇల్లు తక్కువ. అందుకే ఆ పిల్లను అందరూ తమ ఇంటి ఆడపడుచే అనుకున్నారు. నాటకంలో ఆ పిల్లను సాధించే అత్తను తిట్టని నోరు లేదు.

అందరికంటే దగ్గరగా వినేది మా మేనత్త. ఆమె మొగుడు, అంటే మా మావ, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్లోంచి రైలు దారి వేస్తున్నప్పుడు రాళ్లు కొట్టే పనికి ఒక ముఠాతో పోయాడు. దారి పూర్తయింది, రైలు నడిచింది, ముఠా తిరిగొచ్చింది. మావ రాలేదు. వేరే మేస్త్రితో ముందుకు పోయాడని ఒకడన్నాడు, అక్కడే ఇంకో కాపరం పెట్టాడని ఇంకొకడు. అత్త రెండూ విని పుట్టింటికి, మా ఇంటికి, వచ్చేసింది. నార ఒలుస్తూనే ఉండేది, చెవి మాత్రం గొట్టం దగ్గర ఉండేది. "ఆ పిల్ల మొగుడొచ్చిన్నాడు మీ మావ కూడా వస్తాడ్రా అల్లుడా," అని నాతో ఒకసారి అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ తరవాత ప్రతి వారం మీట తిప్పేముందు నేను అత్త వైపు ఒకసారి చూసేవాణ్ని.

చివరి వారం వచ్చింది. ఓడ కూత వినిపించింది. ఆ పిల్ల పరుగెత్తింది, గాజుల చప్పుడు, అలల చప్పుడు. అంతే. "ఇంతటితో ఈ ధారావాహిక నాటకం సమాప్తం," అని ఎవరో పెద్దమనిషి హాయిగా చెప్పేశాడు. ఓడలోంచి ఎవరు దిగారో చెప్పలేదు. ఆ పెద్దమనిషి మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

మా వైపు జముకు వాయించి కథ చెప్పేవాళ్లు ఊళ్లోకొస్తే ఒకే కథ రోజుల తరబడి నడిచేది. ఆఖరి రోజున మంగళం పాడి, కర్పూరం వెలిగించి హారతివ్వాలి. అప్పటిదాకా ఆ కథలోని మనుషులు ఇళ్లకు పోలేక మన వీధుల్లోనే తిరుగుతుంటారని నమ్మకం. కాబట్టి రేడియో కూడా మంగళం పాడుతుందని మా ఆడవాళ్లు నీళ్లలో నిలబడి ఎదురుచూశారు. రేడియో బెల్లం ధరలు చెప్పింది. పురుగు మందు ఎలా కొట్టాలో చెప్పింది. నేను రేడియో కట్టేయబోతే పక్కింటి ముసలమ్మ కేకేసింది.

"ఒరే, ఆపకు. మంగళం అవనేదు."

"ఆళ్లు పాడరు మామ్మా."

"పాడకపోతే మనవే పాడేద్దుం. ఆ గుంటని, ఆడకూతుర్ని, రేవులో ఒగ్గేసి ఎల్లిపోతావేటి?"

అని ఇంటికి పోయి హారతి పళ్లెం తెచ్చింది. చదువుకున్నవాళ్లు నవ్వుతారని తెలిసీ చెబుతున్నాను: మా ఊరు ఆ రోజు రేడియోకి హారతివ్వబోయింది. అడ్డుపడింది మా అత్త ఒక్కర్తే. తడి చీరతో వచ్చి పంచాయతీ గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పాడకండర్రా. ఓడ రేవులోనే ఉన్నాది. దిగేవోడు దిగుతాడు. మంగళం పాడితే మరి దిగడు."

ముసలమ్మకు అర్థమైంది. పళ్లెం కొంగు కింద దాచుకుని వెనక్కి తిరిగింది.

పై వారం అదే వేళకు కొత్త నాటకం మొదలైంది, ముగ్గురు తోడికోడళ్ల ఇల్లు. మొదట అందరూ మూతులు తిప్పుకున్నారు. మూడో వారానికి ఆ ఇంటి దొంగ మరిది మాటలకు మడుగంతా పగలబడి నవ్వింది. అత్త మాత్రం గొట్టానికి వీపు పెట్టి నార ఒలిచేది. "ఏటే, నీ ఓడ ఇంకా దిగనేదా?" అని ఎవరైనా వేళాకోళమాడితే, "మీకు సముద్రం తెల్దు, నోరు ముయ్యండి," అనేది.

నార కాలం అయిపోవస్తుండగా బ్యాటరీ మళ్లీ నీరసపడింది. కావిడెత్తుకుంటే అత్త కూడా బయల్దేరింది. కొత్తవలస స్టేషను దగ్గర రైలు దారి పనిచేసే ముసలి కలాసీ ఒకడు బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. అత్త పోయి అతని ఎదుట నిలబడింది.

"బాబూ, ఆ కొండల కాడ మన పనోళ్లు ఇంకా ఉన్నారా?"

"పనోళ్లేటి తల్లీ, పనైపోనాది కదా. గుడిసెలు పీకేసినారు. ఆ మేస్త్రీలూ నేరు, ఆళ్ల మనుసులూ నేరు. ఎవులి దారిన ఆళ్లు ఎల్లిపోనారు. ఇప్పుడక్కడ రైలే ఉన్నాది."

అప్పుడే ఖనిజం మోసే రైలు ఒకటి కొండలవైపు నుంచి వచ్చింది. ఎర్రటి దుమ్ము, పెట్టె వెనక పెట్టె. కిటికీలు లేని రైలు. అత్త ఆఖరి పెట్టె దాటేదాకా చూసింది. ఏడవలేదు. వస్తూ వస్తూ బజారులో ఆగి కర్పూరం కొంది.

ఆ సాయంత్రం నేను మీట తిప్పకముందే గదిలోకి వచ్చింది. రేడియో పెట్టె మీది దుమ్ము కొంగుతో తుడిచి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించింది. మంగళం పాడింది. గొంతు పెద్దది కాదు, అయినా మడుగులో ఉన్నవాళ్లంతా పని ఆపి నిలబడ్డారు. ముసలమ్మ అక్కణ్నించే దండం పెట్టింది. తన నుదుటి బొట్టు అత్త ఆ రోజు తీయలేదు, ఆ తరవాతా తీయలేదు. దారివైపు చూడటం మాత్రం మానేసింది. ఓడ దిగినవాడెవరో ఆమెకు ఎప్పటికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ రేవులో నిలబడ్డ ఆ పిల్ల దీపం ఆర్పుకుని ఇంటికి పోయిందని నాకు అనిపించింది.

తరవాత అత్త నీళ్లలోకి దిగి, ఈసారి గొట్టానికి ఎదురుగా నిలబడింది. నేను మీట తిప్పాను. తోడికోడళ్లలో ఒకతె వెక్కుతోంది.

"ఒలే, ఎందుకేడుస్తన్నాదే అది? మొదట్నించీ సెప్పండి," అంది అత్త.

అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు.