నేపుల్స్‌లో తడుస్తున్న మిరపకాయలు

చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టు నడిపే హయాత్‌కి విమానం ఎక్కే యోగం రెండువేల నాలుగు ఫిబ్రవరిలో పట్టింది. ఎక్కువ మందు అమ్మిన డీలర్లను ఇటలీ తిప్పుతామని కంపెనీ వాళ్లు అంతకుముందే పోటీ పెట్టారు. చలికాలంలో ఆ దేశం ముఖం ఎవరూ చూడరు గనక హోటళ్లు చవగ్గా దొరుకుతాయి. కంపెనీకి అది కలిసొచ్చింది గానీ హయాత్‌కి ప్రాణం మీదికొచ్చింది. ఆయన కౌలుకి వేసిన మిరపతోటలో తొలి కోత అప్పుడే కళ్లంలో పరిచి ఉంది. కిందటేడు సరిగ్గా ఈ రోజుల్లోనే కళ్లం మీద వాన పడి, ఎర్రటి కాయంతా తెల్లబడిపోయింది.

పోనని మొరాయిస్తే భార్య షాజాదీ వినలేదు. కళ్లం నేను చూసుకుంటాను, నువ్వు పోయి రమ్మంది. ఆవిడ పుట్టిపెరిగింది మిరపచేల మధ్యే. కానీ కళ్లానికి టార్పాలిన్ పట్ట కప్పే విద్య లోకంలో తన ఒక్కడికే వచ్చని హయాత్ నమ్మకం. మబ్బుకి కప్పకపోతే కాయ తడుస్తుంది, ఎండలో కప్పితే లోపల చెమర్చి బూజు పడుతుంది. వాన నెల్లూరులో బయలుదేరితే ఈయనకి పేటలో తుమ్ము వస్తుందని జనం చెప్పుకుంటారు. ఆ తుమ్ము విని గొర్రెల్ని పాకలోకి తోలుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

నేపుల్స్ పెద్ద ఊరు. మన గుంటూరుని రెండింతలు చేసి, సముద్రం ఒడ్డున కొండవాలు మీద బోర్లిస్తే అలా ఉంటుంది. ఆ చలికి సముద్రం దగ్గర కుర్చీలన్నీ తిరగేసి కట్టేశారు. దీవులకు పోయే పడవలు సగం ఒడ్డునే ఉన్నాయి. ఆకాశం మాత్రం నిండుగా, నల్లగా ఉంది. హయాత్‌కి దిగినప్పటి నుంచీ తుమ్ములే. కాలు ఒకచోట నిలవదు, తిన్నది రుచించదు. చర్చిలోకి తీసుకుపోయి పైకప్పు మీద దేవదూతల బొమ్మలు చూపిస్తే అందరూ దేవదూతల్ని చూశారు, ఈయన వాళ్లు కూర్చున్న మబ్బుల్ని చూసి, ఇవి సాయంత్రానికి దిగే రకమన్నాడు.

పూటపూటా వీధిలోని ఫోను డబ్బా నుంచి ఇంటికి ఫోను చేసి, మబ్బు పట్టింది, పట్ట కప్పమనేవాడు. ఇక్కడ ఎండ మాడ్చేస్తుంటే కప్పేదెట్లాగని షాజాదీ. మూడోనాడు పొద్దున ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసినా ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం కంపెనీ ఆఫీసరు జయరావు వాళ్లను ఒక ఇరుకు సందులోకి తీసుకుపోయాడు. క్రిస్మస్‌కి పశువుల తొట్టిలో పెట్టే బాల ఏసు బొమ్మలు చేసి అమ్మే సందు. పండగ వెళ్లిపోయి కొనేవాళ్లు లేక అంగళ్లు వెలవెలబోతున్నాయి. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఒక కొట్టు బయట, నిగనిగలాడుతూ, గుత్తులు గుత్తులుగా ఎర్రటి మిరపకాయలు తడుస్తున్నాయి. ఏ ఒక్కరూ పట్టించుకోవడం లేదు.

హయాత్ ఒక్క ఉరుకు ఉరికాడు. కోటు విప్పి సగం గుత్తుల మీద కప్పాడు. మిగతావి కొక్కేల నుంచి ఊడబెరికి కొట్టులోకి విసరడం మొదలుపెట్టాడు. లోపలి నుంచి లావుపాటి ముసలావిడ చీపురు పట్టుకుని వచ్చింది. పొదిలి డీలరు వెంకటనారాయణ అడ్డంపడి హయాత్‌ని పట్టుకున్నాడు.

"ఏం బావా, ఇక్కడ గూడా కౌలుకి తీసుకున్నావా?"

"కాయ నానిపోతంటే చూస్తా నిలబడతారేందయ్యా!"

ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. గింజ చప్పుడు లేదు. తొడిమ గిల్లబోతే గోరు విరిగింది. అది రంగేసిన మట్టి కొమ్ము. దిష్టి తగలకుండా ఈ ఊళ్లో గుమ్మాలకు కట్టుకుంటారని జయరావు నవ్వాపుకుంటూ చెప్పాడు. దిష్టి తీసిన మిరపకాయ పొయ్యిలో వెయ్యాలి గానీ గుమ్మానికి దాచుకుంటారా అని హయాత్ గొణిగాడు.

జయరావు వచ్చీరాని ఇంగ్లీషులో సంగతంతా విప్పితే ముసలావిడ చీపురు పక్కన పెట్టింది. బల్ల మీదున్న ఫోను ఆయన ముందుకు జరిపింది. ఈసారి షాజాదీ ఎత్తింది.

"ఫోనెత్తవేం? పట్ట కప్పావా లేదా?"

"పట్టా లేదు, కాయా లేదు. తెల్లారుజామున కాయ విరక్కుండా మంచు పదును మీద ఎత్తించి టిక్కీ బస్తాల్లో తొక్కించా. నల్లపాడు కాడ కోల్డ్ స్టోరేజీలో పెట్టించి ఇప్పుడే ఇంటికొచ్చా."

"నన్నడక్కుండానా?"

"నిన్నడిగితే ఆడ మబ్బు చూసి చెప్తావు. ఈడ మబ్బు నేను చూశా. రాత్రికి వానొచ్చేట్టుంది."

హయాత్ ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. "కాయ ఎండిందా?"

"గింజ గలగలమంటంది. ఇంకేం గావాలి?"

"మరి నేనేం చెయ్యాలిప్పుడు?"

"ఊరు చూసిరా. ఏం చూశావో వచ్చాక నేనడుగుతా, చెప్పాలి."

బయటికొచ్చాక ఆయనకి ఎటు పోవాలో తెలియలేదు. ఇక్కణ్నుంచే కళ్లం కాస్తూ వచ్చినవాడికి కాయడానికేమీ లేకుండాపోయింది. మూడు రోజులుగా ఏం చూశాడో తలుచుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. రేపు పొద్దున్నే విమానం. వెంకటనారాయణ కాఫీ తాగుదామంటే చెయ్యి విదిలించుకున్నాడు.

"ఆమెకి ఏం చెప్పను బావా?" అంటూ వానలోనే బయలుదేరాడు. చలికాలమని తొందరగా మూసేస్తున్న తలుపులన్నిటినీ, షాజాదీ అడిగితే చెప్పడానికి ఏమైనా దొరుకుతుందేమోనని, ఒకదాని తర్వాత ఒకటి తోసి లోపలికి తొంగిచూస్తూ పోయాడు.