ఎడమ పక్కన టీ గ్లాసు

మగ్గం పని చేసేవాళ్లకు కళ్లజోడంత శత్రువు ఇంకోటి లేదు. చట్రానికి బిగించిన పట్టు మీదికి, కుట్టుపూల సూది పట్టుకుని పొద్దస్తమానం వంగే కూర్చుంటాం. మా సముద్రపు ఒడ్డు ఉక్కపోతకు కళ్లజోడు ముక్కు మీద నిలవదు. ఆ రోజు అసలే చిరాకుగా ఉన్నాను. మా ఆయన చప్పుడు లేకుండా ఎడమ పక్కన పెట్టిపోయిన టీ గ్లాసు మోచెయ్యి తగిలి ఒలికింది. ఎప్పుడూ ఇదే వరస, దొంగలా వచ్చిపోతాడని తిట్టిపోశాను. అంతలో కళ్లజోడు జారి పెళ్లికూతురి రవిక మీద పడింది. ఒళ్లు మండిపోయి, కాంటాక్ట్ లెన్సులు పెట్టించుకుంటానన్నాను. ఈ వయసులో సోకులా అని ఆయన నవ్వాడు. సోకు కాదు, పొట్టకూటి సంగతి అన్నాను.

కావలిలో కళ్లద్దాల షాపులో ఒక అమ్మాయి ఓపికగా చెప్పింది. చత్వారం వచ్చినవాళ్లకు ఒక కంటికి దూరం చూపు లెన్సు, రెండో కంటికి దగ్గర చూపు లెన్సు పెడతారట. నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుందట. దగ్గరది ఎడమ కంటికి వేద్దామంది. నేను ఒప్పుకుంటేగా! సూదిలో దారం ఎక్కించేటప్పుడు మా ఇంట్లో అందరం ఎడమ కన్ను మూస్తాం. మా అమ్మ అట్లాగే నేర్పింది, ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. పనంతా కుడి కంటిదే. దగ్గరది కుడికే వేయమని వాదించి గెలిచాను.

అయితే దూరానికి ఎడమ కన్ను చూద్దామని, కుడి కన్ను అరచేత్తో మూసుకోమంది. మూసుకున్నాను.

"లైటెందుకు ఆర్పినావమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి తలెత్తి పైనున్న లైటు వైపు చూసింది. "లైటు వెలగతానే ఉందక్కా" అంది.

చెయ్యి తీశాను. గోడ, అక్షరాల బోర్డు, ఆ పిల్ల మొహం, అన్నీ ఉన్నాయి. మళ్లీ మూశాను. ఏమీ లేవు. నొప్పి లేదు, నీరు కారలేదు, ఎర్రబడలేదు. పట్టు మీద ఒక్క పోగు తప్పితే పట్టుకునేదాన్ని, నా మొహంలో కన్ను పోతే నాకు తెలియలేదా? ఆ అమ్మాయి లెన్సుల డబ్బాలు మూసేసి, వెంటనే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమంది.

నీటికాసులు అన్నాడు డాక్టరు. లోపల ఒత్తిడి పెరిగి కొంచెం కొంచెంగా చూపు తినేస్తుందట. ఎడమ కంట్లో పోయింది ఇక రాదు. కుడి కంట్లోనూ మొదలైంది. బతికినంతకాలం చుక్కల మందు వేసుకుంటే ఆ చూపు నిలబడొచ్చన్నాడు. ఎప్పటినుంచి ఇట్లా ఉందని అడిగాడు. ఎడమ కన్ను మూయడమే తప్ప, దానితో ఒంటరిగా ఏనాడూ చూడలేదు నేను.

మర్నాడు మగ్గం ముందు కూర్చున్నాను. మా ఆయన టీ తెచ్చాడు. చుట్టూ తిరిగి వచ్చి కుడి పక్కన పెట్టాడు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు, దాని వెనకే కోపమూ వచ్చింది.

"రోజూ పెట్టే కాడే పెట్టు" అన్నాను.

గ్లాసు తీసి ఎడమ పక్కన పెట్టాడు. సూది పట్టు మీదే ఆపి, గ్లాసు కనబడేదాకా మెడ మొత్తం తిప్పాను.