ఆదివారం తియ్యని తాళం

ఆ రోజుల్లో మా ఇండ్లల్ల ఒక మనిషి బతుకంతా ఒకటిన్నర పేజీల పట్టేది. మనిషి పోయినంక, మట్టి చేసే ముందు, పెట్టె పక్కన నిలబడి సంఘంల ఎవరో ఒకరు ఆ మనిషి జీవిత చరిత్ర చదివేవాళ్లు. ఎక్కడ పుట్టిండు, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నడు, ఎంతమంది పిల్లలు, ఎట్ల పోయిండు. ఇప్పుడు ఫోన్ల చూసి, వేలితోటి పైకి జరుపుకుంట చదువుతున్నరు గాని అప్పుడు కాయితమే. అసొంటి కాయితం ఒకటి నేను పదహారేండ్లప్పుడు రాసిన. అది కూడ, మనిషి నిక్షేపంగ కుర్చీల కూసొని చాయ్ తాగుతుండంగ రాసిన. ఆ మనిషి మా బాపు వాళ్ల నాయిన, మా తాత.

తాతకు చేవెళ్లల టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు కిరాయికి ఇచ్చే దుకాణం. పొద్దున గోదాం తెరవంగనే బండి మీదికి ఎక్కబోయే మొదటి షామియానా మూట మీద చెయ్యి పెట్టి, అది పోయే ఇంటి కోసం ప్రార్థన చేసేవాడు. ఆ ఇల్లు ఏ దేవుణ్ని మొక్కుతదో అడిగేవాడు కాదు. "గుంజలు గట్టిగ నిలబడాలె ప్రభువా, అన్నం అందరికి సరిపోవాలె" అని రెండు ముక్కల్ల ముగించి, "ఎత్తుండ్రి" అనేవాడు. శనివారం పొద్దు గూకినంక మాత్రం గోదాం తాళంచెవి ఇంట్ల గోడ మొలకు తగిలిస్తే, మళ్ల సోమవారం తెల్లారేదాక దాన్ని ఎవరూ ముట్టొద్దు. ఆదివారం కావలసినోళ్లు శనివారమే తీసుకపోవాలె. ఈ సంగతి అటు శంకర్‌పల్లి దాక, ఇటు మొయినాబాద్ దాక అందరికి ఎరుకే.

ఈ దుకాణం తాత ఒక్కడే పెట్టింది కాదు. తాత దగ్గర నాలుగు గుండిగలు ఉండె, సురంగల్ ఊర్ల ఉండే ఆయన దోస్తు దగ్గర ఒక ఎడ్లబండి ఉండె. ఇద్దరు కలిసి పొత్తుల మొదలుపెట్టిన్రు. ఆ దోస్తును మేము సురంగల్ తాత అనేవాళ్లం. సురంగల్ తాత బిడ్డ పెండ్లి ముహూర్తం ఆదివారం పడ్డది. దానికేం ఫికర్, శనివారమే షామియానా కట్టిన్రు. కాని ఆ సాయంత్రం గాలిదుమారం వచ్చి షామియానా చీలికలు పీలికలు చేసి పోయింది. ఆదివారం పొద్దున్నే ఆయన సైకిలు తొక్కుకుంట చేవెళ్ల వచ్చిండు. తాత తెల్లబట్టలు కట్టుకొని మందిరానికి బయలుదేరుతున్నడట. "ఇంకొకటి ఇయ్యి" అన్నడట ఆయన. "సోమవారం తెల్లారంగనే ఇస్త" అన్నడట తాత. "సోమవారం పెండ్లి ఎవరిది? నీదా?" అని ఆయన సైకిలు తిప్పుకొని పోయిండు. (ఈ మాట మా అవ్వ చెప్పేది. చెప్పిన ప్రతిసారి మొదలు నవ్వేది, ఎనుకనే కండ్లు తుడుచుకునేది.) ఆ పెండ్లిల చుట్టాలు ఎండల గొడుగులు పట్టుకొని బంతిల కూసున్నరు. అంతే, పొత్తు పోయింది, మాట పోయింది. సురంగల్ తాత పొలం ఎవుసంల పడ్డడు. పదకొండేండ్లు ఇద్దరు ఒకే రోడ్డు మీద ఎదురుపడితే, ఒకరు ఆకాశం చూసేవాళ్లు, ఇంకొకరు చెప్పులు చూసుకునేవాళ్లు.

ఇగ జీవిత చరిత్ర ముచ్చట. టెంట్ హౌస్ ఆయన గనుక తాత పోని చావు లేదు, వినని చరిత్ర లేదు. ఒకసారి ఒక సంఘ పెద్దను మట్టి చేసేటప్పుడు, చదివే ఆయన "ఈయనకు నలుగురు కొడుకులు" అన్నడు. ఐదో కొడుకు పెట్టె పట్టుకొని అక్కడనే ఉన్నడు. పాపం, ఏడుపు ఆపి, చేతి వేళ్ల మీద అన్నదమ్ములను లెక్కపెట్టుకున్నడు. తాత ఇంటికొచ్చి, కాళ్లు గూడ కడుక్కోకుండ, "నాది నేనే రాయించుకుంట" అన్నడు. "బతికుండంగ అదేం పని?" అని అవ్వ మొత్తుకున్నది. "పోయినంక నేను చెప్తే ఎవరికి వినవడ్తది?" అని తాత నన్ను పిలిచిండు.

నన్నే ఎందుకంటే, ఇంట్ల చేతిరాత నాదే బాగుండేది. చిన్నప్పుడు ఆయాసం ఉండి నన్ను బడికి పంపలేదు. అమ్మ హాస్టల్ల ఉండి ఏడో తరగతి దాక చదివింది, ఆమెనే నాకు ఇంట్ల చదువు చెప్పింది. అమ్మ చదువుల పెద్ద పాఠం, తాను చెప్పి నాతోటి రాయించుడు. ఆమె వంట చేసుకుంట చెప్తే నేను పలక మీద రాయాలె. "నోట్లకెళ్లి ఎట్ల వస్తె అట్లనే రాయి, నీ తెలివి కలపకు" అనేది. నేను కలపలేదు. అమ్మ పద్యం మధ్యల "పాలు పొంగుతున్నయే" అంటె, అది కూడ రాసేదాన్ని. అట్లనే తాత చెప్పిందీ నాలుగు రోజులు కూసొని రాసిన. ఎనుక అందులకెళ్లి మంచి మాటలే ఏరి, తెల్ల కాయితాల మీద సాపు ప్రతి తీసిన. చిత్తు ప్రతి, సాపు ప్రతి రెండూ రెండు పెండ్లి పత్రికల కవర్లల్ల పెట్టిన. (రెండు కవర్లు ఒకే రంగువి. ఇప్పుడైతే కవరు మీద ఏది ఏదో రాసి పెడుతుంటి. అప్పుడు నాకు అంత తెలివి ఎక్కడిది?)

తాతకు డెబ్బై నిండిన ఏడు మొయినాబాద్ల రెండో దుకాణం తెరిచినం. దుకాణం ముంగట మా షామియానానే కట్టి కృతజ్ఞత కూడిక పెట్టినం. తాత సాక్ష్యంగ ఈ చరిత్రనే చదవమని పాస్టరయ్యగారిని అడిగిన్రు. సాపు ప్రతిల చివరి పేరా, అంటే చావు పేరా, నేను ముందే తీసేసి పెట్టిన. కొత్త లంగా ఓణీ కాళ్లకు అడ్డం పడుతుంటె పోయి అయ్యగారి చేతికి కవరిచ్చి, ఆడోళ్ల దిక్కు కూసున్న. అయ్యగారికి ఆ మధ్యనే కంటి ఆపరేషన్ అయింది. కాయితం ముక్కుకు దగ్గరగ పెట్టుకొని ఒక్కొక్క మాట చదివేవాడు. ముందు ఏ మాట వస్తదో ఆయనకు తెలువదు, వచ్చినంక ఆగుడు తెలువదు.

ఆయన గొంతు సవరించుకొని మొదలుపెట్టిండు. "చేవెళ్ల వాస్తవ్యులైన మన పెద్దాయన... పెద్దాయన అని రాయకు బిడ్డ, ముసలోడు అనుకుంటరు." జనం తలలెత్తిన్రు. కవరు మారింది. ఆయన చేతిల ఉన్నది చిత్తు ప్రతి. "బాల్యము నుండియే భక్తి గలవారై... మీ అవ్వ చాయ్‌ల చక్కెర తక్కువేసింది చూడు... వ్యాపారమునందు నమ్మకస్తులై యుండిరి." అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, నవ్వుకో సిగ్గుకో. తాత మాత్రం కదలకుండ కూసున్నడు. అయ్యగారు అదే గొంతుతోటి చదువుకుంట పోయిండు. "ఏ ఆదివారమును గోదాము తాళము తీసి యుండలేదు... ఒక్కనాడు తీస్తే అయిపోతుండె. సురంగలాయన బిడ్డ పెండ్లి నాడు తియ్యాల్సుండె. దేవుడు ఏమంటుండె? ఏమీ అనకపోతుండె. నాదే మొండితనం. ఇది రాయకు."

ఆ మాట తాత నోట్లకెళ్లి మా ఇంట్ల కూడ ఎవరూ వినలేదు. నేనొక్కదాన్ని విన్న, వినీ విననట్టు రాసిన. అప్పుడు చూసిన, షామియానా అంచుకు రోడ్డు పక్కన సురంగల్ తాత నిలబడి ఉన్నడు. అరగంట ముందు బాపు పోయి "లోపటికి రా చిన్నాయినా" అంటె, "నేను బస్సు కోసం నిలబడ్డ" అన్నడట. అప్పటికి మూడు బస్సులు పోయినయి.

అయ్యగారికి ఇదేమీ తెలువదు. పేజీ తిప్పి, "ఈ దినమున... జాగ వదిలిపెట్టు, తారీఖు ఎనుక రాస్తరు... ప్రభువునందు నిద్రించిరి" అన్నడు. ఆ చావు మాట చెవుల పడంగనే అలవాటు కొద్ది సంఘమంతా మౌనంగ లేచి నిలబడ్డది. మా బాపు లేచిండు, అవ్వ లేచింది. అందరు లేచిన్రని తాత కూడ లేచి చేతులు కట్టుకున్నడు.

"నిద్రపోయినోడు నిలబడ్డడు చూడుండ్రి!" అని రోడ్డు పక్కకెళ్లి ఒక గొంతు వినవడ్డది. ఒకరు కిసుక్కుమన్నరు, ఇగ షామియానా అంతా నవ్వులే. తాత ఎనుకకు తిరిగిండు. ఈసారి ఆకాశం చూడలేదు.

"బస్సు మళ్లొస్తది, లోపటికి రా," అన్నడు.

"ఇయ్యాల ఆదివారం కాదు కద? తీసే ఉన్నదా?"

"తీసే ఉన్నది. రా, రా, ఎండల నిలబడకు."

"ఎండ నాకు కొత్తనా?" అనుకుంటనే సురంగల్ తాత వచ్చిండు. ముందు వరసల కుర్చీ గుంజుకొని, దాని కాలు ఊపి చూసి, "ఇది మన మొదటి డజన్లది. ఇంక ఇరగలేదా?" అని కూసున్నడు. బంతిల ఇద్దరు పక్కపక్కనే కూసొని, మాంసం కూరల ఉప్పు గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు.

నన్ను తాత తిడ్తడని దుకాణం ఎనుక గుండిగల సందుల కూసున్న. ఆయన ఎతుక్కుంట వచ్చి, "ఇది రాయకు అంటె ఎందుకు రాసినవే?" అన్నడు. "రాయకు అన్నది కూడ రాసిన కద తాతా" అన్న ఏడుసుకుంట. ఆయన "సాపు ప్రతిల మాత్రం రాయకు" అని పోయిండు.

దేవుని దయ, తాత ఇంక ఇరవై మూడేండ్లు బతికిండు. ప్రతి ఏడు నాతోటి సాపు ప్రతి మళ్ల రాయించేవాడు. మనుమలు పెరిగితే కలిపేవాడు, అయ్యగారు మారితే పేరు మార్పించేవాడు. తాళం మాట మాత్రం అట్లనే ఉంచేవాడు. పోయిన ఎండకాలం ఒక శనివారం రాత్రి ఇంట్లనే, అన్నం తిని ఒరిగినోడు ఒరిగినట్టే పోయిండు. మట్టి ఆదివారం పెట్టుకున్నరు. పొద్దున్నే జనం రావట్టిన్రు, వాకిట్ల ఎండ కాలుతున్నది. బాపు, చిన్నబాపు మొల కింద నిలబడి తాళంచెవి దిక్కు చూస్తున్నరు. "నాయిన ముట్టొద్దన్నడు," అంటడు బాపు. "ఇంత జనాన్ని ఎండల పెడ్దమా?" అంటడు చిన్నబాపు. ఇద్దరిల ఒక్కరికీ చెయ్యి లేస్తలేదు.

అప్పుడు సురంగల్ తాత ఆటో దిగిండు. ఎనభై ఏడేండ్లు, చేతుల కట్టె. పెట్టె దగ్గర నిలబడి దోస్తు మొఖం చూసిండు, వాకిట్ల జనాన్ని చూసిండు, మొల కింద ఇద్దరు కొడుకులను చూసిండు. "ఏందిరా, ఈయన్ని గూడ ఎండల్నే కూసోపెడ్తరా?" అని కట్టె కొనతోటి తాళంచెవిని మొల మీదికెళ్లి తీసిండు. "నేను తీస్త. ఆయన ఏమన్న అంటె పోయినంక నేనే చెప్పుకుంట. ఎట్లైన దగ్గర్లనే పోతున్న కద." గోదాం తలుపు తీసి, మొదటి మూట మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం ఊకున్నడు. ఆయన మా ప్రార్థన చెయ్యడు. ఏం అనుకున్నడో నేను అడగలేదు. తర్వాత, "ఎత్తుండ్రి" అన్నడు.

చరిత్ర చదివింది నేనే. "ఏ ఆదివారమును గోదాము తాళము తీసి యుండలేదు" అనే దగ్గరికి వచ్చి తల ఎత్తితే, నెత్తి మీద ఆ ఆదివారం తీసిన షామియానానే. చదవకపోతె తాత ఒప్పుకోడు, చదివితె అబద్ధం. ఉన్నది ఉన్నట్టు చదివిన. చదివి, కాయితం మీద లేని ముక్క, బతుకుల మొదటిసారి, నా తెలివి కలిపి అన్న: "ఇయ్యాల దాక." ముందు వరసల సురంగల్ తాత నవ్విండు, తువ్వాలతోటి కండ్లు ఒత్తుకున్నడు.

ఆ చిత్తు ప్రతి ఇంక నా పెట్టెల ఉన్నది. అప్పుడప్పుడు తీస్త. చాయ్‌ల చక్కెర, మొండితనం, ఇది రాయకు, అన్నీ ఆ పదహారేండ్ల చేతిరాతల ఉన్నయి. ఏది ఉంచాలె, ఏది కొట్టెయ్యాలె అని ఇప్పుడు నాకు బాగ తెలుసు. అందుకే ఇప్పుడైతె ఆ కవరు మారకపోతుండె. ఏమీ తెలువని ఆ పిల్లను తలుచుకొని నవ్వుకుంట, ఆమె కోసం దేవునికి వందనాలు చెప్పుకుంట.